సెలవు పెట్టిన ఇల్లు

మా ఇంటిని క్రేను పైకెత్తినప్పుడు లోపల ముగ్గురం ఉన్నాం. ఇల్లు వెళ్ళిపోయాక కూడా ముగ్గురం అక్కడే ఉన్నాం. నాన్న మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని చీర నేస్తున్నాడు. నాయనమ్మ మంచం మీద కూర్చుని నూలు కండెలు చుడుతోంది. నేను తలుపు వెనక నిలబడి ఉన్నాను. కోళ్ళ మీద నుంచి గంప తీసినట్టు గోడలూ కప్పూ కలిసి మా తలల మీదుగా లేచిపోయాయి. వాటితో తలుపు కూడా పోయింది కాబట్టి నేను దేని వెనకా లేకుండా అయిపోయాను. పాలెం జనమంతా నన్నే చూస్తున్నట్టు అనిపించింది. నిజానికి వాళ్ళు ఇంటిని చూస్తున్నారు.

ఇది ఎందుకు జరిగిందో మొదటి నుంచి చెబుతాను.

మా పడమటిపాలెంలో పందొమ్మిది చేనేత కుటుంబాలకి 'ఒక్కపూట ఇల్లు' అనే పథకం కింద ఇళ్ళు వచ్చాయి. పొద్దున లారీ మీద వస్తుంది, మధ్యాహ్నానికి నిలబడుతుంది. అందుకని ఆ పేరు. ఇనుప చట్రం, దానికి బోల్టులతో బిగించిన సిమెంటు పలకల గోడలు, పైన రేకు, ఒక తలుపు, ఒక కిటికీ. కింద గచ్చు ఉండదు. నేతగాళ్ళు మగ్గానికి గుంట తవ్వుకోవాలి కదా అని ఎవరో ఆలోచించి గచ్చు తీసేశారు. ఈ పథకంలో ఎవరైనా ఆలోచించింది ఆ ఒక్కసారే అని నాన్న అంటాడు.

జనవరిలో ఇల్లు నిజంగానే ఒక్కపూటలో నిలబడింది. కానీ అది నిలబడిందని ప్రభుత్వం ఒప్పుకోవాలంటే రెండు ఫోటోలు కావాలి. మొదటిది, ఖాళీ స్థలంలో ఇంటి యజమానురాలు నిలబడి ఉన్నది. రెండోది, కట్టిన ఇంటి గడపలో ఆమే నిలబడి ఉన్నది. రెండూ ఒకే చోట తీసి ఉండాలి. ఎక్కడ తీశారో ఆఫీసు వాళ్ళ ఫోనుకి తెలుస్తుంది. మూడు మీటర్లు దాటి తేడా ఉంటే అది ఊరుకోదు. జూన్ ముప్ఫైలోగా రెండో ఫోటోని ఫోను ఒప్పుకోకపోతే ఇల్లు కట్టనట్టే లెక్క. లారీ వచ్చి పట్టుకుపోతుంది.

జూన్ ఆఖరంటే వానలు. పైన కప్పు లేకపోతే గుంటలో నీళ్ళు నిలుస్తాయి. మగ్గం మీద నిలువుగా పరిచిన పోగులు, అదే పడుగు, తడిస్తే గంజి దిగి తెగుతాయి. అప్పుడు నాన్న చేతులు కట్టుకుని కూర్చోవాలి. మేమంతా ఆయన్ని చూస్తూ కూర్చోవాలి.

రెండో ఫోటో కోసం హౌసింగు అసిస్టెంటు ఏకాంబరం గారు జూన్ మొదటి వారంలో వచ్చారు. అమ్మ తల దువ్వుకుని గడపలో నిలబడింది. ఏకాంబరం గారు ఫోను ఎత్తారు. ఫోను ఇలా చెప్పింది: 'ఈ చోట ఇల్లు కనబడలేదు. సరైన చోటు పద్దెనిమిది మీటర్ల దూరంలో ఉన్నది.'

ఏకాంబరం గారు ఇంటిని చూశారు. ఫోనుని చూశారు. తర్వాత ఫోను చూపించిన దిక్కుకి తిరిగారు. మా స్థలం అటు చివర బాదం చెట్టు ఉంది. కాలనీ మొత్తానికి అదొక్కటే చెట్టు.

"సామ్రాజ్యమ్మా," అన్నారు మా అమ్మతో. "మొదటి ఫోటో పోయినేడు మే నెలలో తీశాం కదా."

"తీశారు. ఎండకి మాడిపోతన్నావు, నీడకి రా అన్నా, అని నేనే అన్నాను."

"మజ్జిగ కూడా ఇచ్చావు."

"ఇచ్చాను. రెండు గ్లాసులు."

"అదీ సంగతి. మజ్జిగ అక్కడ తాగాం. ఫోటో కూడా అక్కడే తీశాం."

నాన్న మగ్గం మీద నుంచే, "అయితే ఇప్పుడు కూడా పోయి అక్కడే తీసుకోండి," అన్నాడు.

అమ్మ బాదం చెట్టు కింద నిలబడింది. ఫోను దూరం సంగతి మానేసి, 'తలుపు కనబడలేదు' అంది. ఏకాంబరం గారు మంచివారు. పని ఎలాగైనా అయిపోవాలని చూస్తారు. ఆయనా నాన్నా కలిసి తలుపు ఊడదీసి, మోసుకెళ్ళి చెట్టుకి ఆనించారు. అమ్మ తలుపు పక్కన నిలబడింది. ఫోను 'గోడ కనబడలేదు' అంది. ముందు గోడ బోల్టులు విప్పారు. 'కిటికీ కనబడలేదు' అంది. పక్క గోడ కూడా పోయింది. నేను తలుపు వెనక నుంచి గోడ వెనక్కి, గోడ వెనక నుంచి నాయనమ్మ వెనక్కి మారాను. మధ్యాహ్నం అయ్యేసరికి ఇంటి దగ్గర కన్నా చెట్టు కింద ఇల్లు ఎక్కువ ఉంది. అప్పుడు ఫోను 'పైకప్పు కనబడలేదు' అంది.

ఏకాంబరం గారు రేకు మీదికి ఎక్కబోతుండగా జీపు వచ్చింది. అందులోంచి ఏఈ పద్మనాభం గారు దిగారు. ఏఈ అంటే అసిస్టెంటు ఇంజనీరు. ఆయన మాట్లాడితే ఎవరో పక్కన కూర్చుని రాసుకుంటున్నట్టు ఉంటుంది.

"ప్రభుత్వ గృహమును లబ్ధిదారులు విడి భాగములుగా తరలించుట నిబంధనలకు విరుద్ధం," అన్నారు. "ఇల్లు ఏకమొత్తంగా ఉండవలెను."

"ఏకమొత్తంగానే ఉంది సార్, ఇందాక దాకా," అన్నాడు నాన్న. "మొదటి ఫోటోనే తప్పు చోట తీశారు. అది మారిస్తే సరిపోయిద్ది."

ఏఈ గారు నాన్న వైపు జాలిగా చూశారు.

"మొదటి ఫోటో తప్పని ఒప్పుకుంటే ఏమవుతుందో ఆలోచించావా మార్కండేయులూ? తీసిన ఏకాంబరం తప్పు చేసినట్టు. దాన్ని పరిశీలించి ఆమోదించిన నేను తప్పు చేసినట్టు. నా ఆమోదాన్ని ఆమోదించిన మా పై ఇంజనీరు ఈఈ గారు తప్పు చేసినట్టు. అలా పోతూ పోతూ అది రాజధాని దాకా పోతుంది. అంత దూరం తప్పు పోవటం కన్నా పద్దెనిమిది మీటర్లు ఇల్లు పోవటం తేలిక."

అందులో తప్పు ఎక్కడుందో నాకు దొరకలేదు. గోడలూ తలుపూ వెనక్కి తెచ్చి బిగించారు. మంగళవారం క్రేను వచ్చింది.

క్రేను నడిపే కరీముల్లా గారు ఇంటి చుట్టూ రెండుసార్లు తిరిగి, చట్రం నాలుగు మూలలకీ గొలుసులు తగిలించారు. తర్వాత లోపలికి తొంగి చూశారు.

"అన్నా, ఇల్లు ఎత్తుతన్నాను. బయటికి వస్తారా?"

"కొంగు నేస్తన్నానయ్యా. మధ్యలో లేస్తే గీత పడిద్ది," అన్నాడు నాన్న. "నువ్వు ఎత్తుకో. మాకేం అడ్డం లేదు."

"అవ్వా, నువ్వన్నా రా."

"ఎందుకు? గచ్చు లేదుగా, నన్ను కూడా ఎత్తటానికి," అంది నాయనమ్మ.

నన్ను ఆయన చూడలేదు. ఇల్లు లేచిపోయింది. నాన్న పైకి ఒకసారి చూసి, "వెలుతురు బాగుంది," అని మళ్ళీ పోగుల మధ్య నుంచి నాడె విసిరాడు.

ఇల్లు గాల్లో కొంచెం ఊగుతూ స్థలం దాటింది. గొలుసు ఒకటి రేకుకి తగిలి చిన్న చిల్లు పడింది. తర్వాత ఇల్లు చెట్టు పక్కన దిగింది. అమ్మ గడపలో నిలబడింది. ఏకాంబరం గారు ఫోను ఎత్తారు. 'ఇల్లు ఆమోదించబడినది' అంది ఫోను. పాలెం వాళ్ళు చప్పట్లు కొట్టారు. ఏఈ గారు కూడా కొట్టారు, తన చప్పట్లు తనకే కొట్టుకున్నట్టు.

"ఇక వెనక్కి పెట్టించండి సార్," అంది అమ్మ. "పొయ్యి అక్కడే ఉంది."

"తక్షణమే," అన్నారు ఏఈ గారు.

అప్పుడు ఏకాంబరం గారు ఆయన చెవిలో ఏదో చెప్పారు. ఏఈ గారు వచ్చి నాయనమ్మ మంచం మీద కూర్చున్నారు. నాయనమ్మ కాస్త జరిగింది. విషయం ఏమిటంటే, పోయినేడు మే నెలలో ఏకాంబరం గారు పందొమ్మిది మంది ఫోటోలూ ఒక్క మధ్యాహ్నంలో తీసేశారు. అందరినీ పిలిచి మా బాదం చెట్టు కిందే నిలబెట్టారు. అందరికీ మజ్జిగ అమ్మే ఇచ్చింది. కాబట్టి ఫోను లెక్క ప్రకారం పందొమ్మిది ఇళ్ళూ ఆ చెట్టు కిందే ఉండాలి.

"పందొమ్మిదీ అక్కడ పట్టవు సార్," అన్నారు కరీముల్లా గారు. "ఒకదాని మీద ఒకటి పెట్టమంటే పెడతాను. అయిదు దాకా అందిద్ది క్రేను."

ఏఈ గారు ఆ మాటని చాలాసేపు ఆలోచించారు. మేం భయపడేంతసేపు ఆలోచించారు. చివరికి లేచి, "ఇళ్ళన్నీ ఒకే కంపెనీలో తయారైనవి. ఒకే కొలత, ఒకే రంగు. ఇల్లు మారవలసిన ఆవశ్యకత లేదు. లబ్ధిదారులు మారిన చాలును," అన్నారు.

అలా రెండు రోజుల పాటు పాలెంలోని ఆడవాళ్ళంతా మంచి చీరలు కట్టుకుని వచ్చి మా గడపలో నిలబడి ఫోటోలు దిగారు. వెనక ఇంటి ఈశ్వరమ్మ పిన్ని తలుపు తీసి వేసి చూసింది.

"మీ తలుపు కిర్రుమనదే. మాది కిర్రుమంటది. ఫోటో దీంతో దిగాను కాబట్టి ఇదే నాదంటే ఏం చేస్తావక్కా?"

"తీసుకుపో. తాళం దానికే ఉంది," అంది అమ్మ. "వానకి మాత్రం నాకు గొడుగు ఇచ్చి పో."

గురువారం సాయంత్రానికి పందొమ్మిది ఇళ్ళూ ఆమోదించబడ్డాయి. మళ్ళీ చప్పట్లు కొట్టారు. అమ్మ మళ్ళీ అడిగింది. ఈసారి ఏఈ గారు 'తక్షణమే' అనలేదు.

"అమ్మా, నీకు కనబడేది ఒక ఇల్లు. రికార్డు ప్రకారం ఆ చెట్టు కింద ఉన్నవి పందొమ్మిది ఇళ్ళు. దాన్ని అక్కడ నుంచి తీస్తే పందొమ్మిది తీసినట్టు. ఒక్క క్రేనుతో ఒక్క పూటలో పందొమ్మిది కుటుంబాలను నిరాశ్రయులను చేయటానికి నా అంతరాత్మ ఒప్పుకోదు."

మిగతా పద్దెనిమిది కుటుంబాలు ఎవరి ఇళ్ళల్లో వాళ్ళు అన్నం వండుకుంటున్నాయి. నిరాశ్రయులుగా ఉన్నది మేమొక్కళ్ళమే. ఈ మాట నాకు తోచింది. నోట్లోంచి మాత్రం రాలేదు.

ఆ తర్వాత వారం రోజులు మా కాపురం రెండు ముక్కలుగా సాగింది. పొయ్యి, మంచాలు, మగ్గం ఒకచోట. ఇల్లు ఇంకోచోట. గోడలకి తగిలించిన సామాను ఏదైనా కావాలంటే అమ్మ ఇంట్లోంచి లేచి, "ఇంటికి వెళ్ళొస్తా," అని చెప్పి వెళ్ళేది. మా ఇంట్లో ఏం కూరో పాలెమంతటికీ తెలిసిపోయేది. దారిన పోయేవాళ్ళు ఆగి నాన్న నేత చూసి, కొంగు బాగుందనో అంచు ఇంకొంచెం వెడల్పు ఉంటే బాగుండుననో చెప్పి పోయేవాళ్ళు. నాయనమ్మ మాత్రం సంతోషంగా ఉంది. ఇన్నేళ్ళలో ఇంతమంది తనని పలకరించింది లేదట.

కానీ పడమర దిక్కున మబ్బు పట్టటం మొదలైంది. నాన్న మగ్గం మీద ప్లాస్టిక్ పట్టా కప్పటం, మళ్ళీ తియ్యటం, ఆకాశం చూడటం. రోజుకి జానెడు నేత తగ్గింది. నాన్న ఎవరితోనూ మాట్లాడటం మానేశాడు. నాడె చప్పుడు వినబడకపోతే మా నాయనమ్మకి కూడా మాట తోచదు.

సోమవారం ఏఈ గారు ఒక కాగితంతో వచ్చారు. ఆయన మొహంలో వెలుగు ఉంది.

"మీ ఇబ్బందిని సానుభూతితో పరిశీలించాం. ఇల్లు వెనక్కి రావటం సాధ్యం కాదు. అందుచేత మగ్గమే ముందుకు పోవాలి. చెట్టు పక్కన ఇంట్లో మగ్గం పెట్టుకోండి."

"గుంట మగ్గం సార్ ఇది," అన్నాడు నాన్న. "గుంట లేందే నేయటం కుదరదు. అక్కడ కొత్త గుంట తవ్వుకోమంటారా?"

"కొత్త గుంట కొత్త నిర్మాణం కిందికి వస్తుంది. దానికి కొత్తగా దరఖాస్తు పెట్టి, ఖాళీ స్థలం ఫోటో దగ్గర నుంచి మొదలుపెట్టాలి. పాత గుంటనే తరలించాలి. ప్రతిపాదన తయారు చేశాను." కాగితం చదివారు. "నాలుగడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు, రెండున్నర అడుగుల లోతు గల గుంట ఒకటి. దానిని యథాతథ స్థితిలో పైకెత్తి, పద్దెనిమిది మీటర్ల దూరమున దింపుట."

కరీముల్లా గారు గుంట అంచున నిలబడి లోపలికి చూశారు. నాన్న కాళ్ళు పక్కకి పెట్టి చూడనిచ్చాడు.

"ఎత్తొచ్చు సార్," అన్నారు కరీముల్లా గారు. "గొలుసు దేనికి కట్టాలో చెప్పండి."

"గుంటకి."

"గుంటలో దేనికి?"

ఏఈ గారు కూడా వంగి చూశారు. ఏకాంబరం గారు చూశారు. లోపల నాన్న చెప్పులూ ఒక కండె తప్ప ఏమీ లేవు.

"దీనిపై సాంకేతిక అభిప్రాయం తీసుకోవాలి," అన్నారు ఏఈ గారు. "ఒక కమిటీ వేస్తాను. మూడు నెలల్లో నివేదిక వస్తుంది."

"సార్, వాన మూడు రోజుల్లో వచ్చిద్ది," అంది అమ్మ.

"అయితే లిఖితపూర్వకంగా ఒక దరఖాస్తు ఇవ్వండి. సక్రమంగా రాసి ఉంటే పరిశీలిస్తాను. ఊరికే నోటితో అడిగితే నేనేం చెయ్యను?"

మా ఇంట్లో రాసేది నేనే. ఏదో ఒకటి రాయవే అని అమ్మ నోటు పుస్తకం నా ఒళ్ళో పడేసింది. కమిటీల మీద ఎలా రాస్తారో, గుంటల మీద ఎలా రాస్తారో నాకు తెలియదు. మా బడిలో నేర్పిన లేఖ ఒక్కటే, జ్వరం వచ్చినప్పుడు హెడ్మాస్టరు గారికి రాసేది. అది మాత్రం నాకు కళ్ళు మూసుకున్నా వస్తుంది. నాయనమ్మ వెనక కూర్చుని అదే రాశాను.

'ఆర్యా, మా ఇల్లు తమ బాదం చెట్టు కింద విధి నిర్వహణలో ఉన్నది. మా మగ్గమునకు వాన భయము ఉన్నందున మా ఇల్లు చెట్టు వద్ద హాజరు కాలేకపోవుచున్నది. కావున మగ్గము మీది పడుగు పూర్తి అగు వరకు మా ఇంటికి సెలవు మంజూరు చేయవలసినదిగా ప్రార్థన. ఇట్లు, తమ విధేయురాలు, ఇల్లు.'

కాగితం అమ్మకిచ్చాను. అమ్మ ఏఈ గారికిచ్చింది. ఆయన చదివారు. ఇంకోసారి చదివారు. నేను తలుపు కోసం వెతుక్కున్నాను. అది పద్దెనిమిది మీటర్ల దూరంలో ఉంది.

"ఎవరు రాశారిది?"

"మా అమ్మాయి భావన. చిన్నపిల్ల సార్, ఏదన్నా తప్పుంటే..."

"తప్పా?" అన్నారు ఏఈ గారు. "ఈ ఉద్యోగంలో చేరాక ప్రజల దగ్గర నుంచి నాకు అందిన మొట్టమొదటి సక్రమమైన దరఖాస్తు. సెలవు నిబంధనలు నాకు కంఠతా వచ్చు. సెలవులో ఉన్న ఉద్యోగి హాజరు పట్టీలో ఉంటాడు. పోస్టు అతనిదే, కుర్చీ అతనిదే. మనిషి మాత్రం ఇంటి దగ్గర ఉంటాడు. రికార్డు ప్రకారం ఇల్లు చెట్టు కిందే ఉంటుంది. ఇల్లు మాత్రం ఇంటి దగ్గర ఉంటుంది."

"అయితే ఇవ్వొచ్చా సార్?" అన్నారు ఏకాంబరం గారు.

"ఏ సెలవన్నదే ప్రశ్న. క్యాజువల్ లీవు చాలదు. ఎర్న్‌డ్ లీవుకి సర్వీసు కావాలి, ఇది జనవరిలో చేరింది. మెడికల్ లీవు ఇవ్వాలంటే ఏదో ఒక అనారోగ్యం ఉండాలి."

"రేకుకి చిల్లు ఉంది సార్," అన్నారు కరీముల్లా గారు. "మొన్న డ్యూటీలోనే పడింది."

ఏఈ గారు జేబులోంచి పెన్ను తీశారు. "విధి నిర్వహణలో గాయం. ప్రత్యేక సెలవు. మార్కండేయులూ, ఈ పడుగు పూర్తి కావటానికి ఎన్నాళ్ళు పడుతుంది?"

"మగ్గం మీద ఇంకా నాలుగు చీరలకి ఉంది సార్. చీరకి నాలుగు రోజులు."

"పదహారు రోజులు. మంజూరు చేయడమైనది. పదిహేడో రోజు ఇల్లు విధుల్లో చేరాలి."

నాన్న ఇంకేదో చెప్పబోయాడు. అమ్మ ఆయన వైపు చూసింది. నాన్న నాడె అందుకున్నాడు.

మధ్యాహ్నం కల్లా ఇల్లు వచ్చి మా మీద కూర్చుంది. కరీముల్లా గారు బోల్టులు బిగించి, రేకు చిల్లుకి తారు కూడా పూసి వెళ్ళారు. బుధవారం వాన మొదలైంది. నాన్న తల ఎత్తకుండా నేశాడు. నేను మళ్ళీ తలుపు వెనక నిలబడి వాన చూశాను.

పదిహేడో రోజు పొద్దున్నే ఏకాంబరం గారు గొడుగు వేసుకుని వచ్చారు. వెనక రోడ్డు మీద క్రేను ఆగి ఉంది. ఆయన వచ్చేసరికి నాలుగో చీర కోసి మడత పెట్టాం. మగ్గం మీద మూరెడు పడుగు మిగిలింది. నాయనమ్మా నేనూ మగ్గానికి చెరో పక్కా కూర్చుని ఉన్నాం.

"పడుగు పూర్తయినట్టేనా మార్కండేయులూ?"

"కాలేదండీ."

"మూరెడే ఉందిగా. మరి ఆ వెనక చుట్టి ఉన్నదేంది? కొత్త పడుగు కాదా?"

"కొత్తదేంది నాయనా, ఇదే," అంది నాయనమ్మ. "దీని కొసలకి దాని మొదళ్ళు అతుకుతన్నాం. పోగుకి పోగు మెలేసి. రెండు వేల పైచిలుకు ఉంటయ్యి. అతకకుండా అయిపోనిచ్చామనుకో, అచ్చు పళ్ళ సందుల్లో పోగులన్నీ మళ్ళీ మొదటి నుంచి ఒక్కొక్కటే ఎక్కించుకోవాలి. బుద్ధున్న నేతగాడు ఎవడన్నా పడుగు అయిపోనిస్తాడా?"

ఏకాంబరం గారు గొడుగు మూసి, లోపలికి వచ్చి, వంగి చూశారు. నేను మెలేస్తున్న చోట పాత పోగు ఎక్కడ ఆగిందో కొత్తది ఎక్కడ మొదలైందో ఆయనకి కనబడలేదు. బాగా అతికితే ఎవరికీ కనబడదు.

"మరి ఎప్పటికి పూర్తయిద్దయ్యా ఇది?"

నాన్న కాసేపు లెక్క వేసుకున్నాడు.

"చెప్పలేనండీ. ఇది మా నాన్న ఎక్కించిన పడుగు. ఆయన పోయి పన్నెండేళ్ళయింది. పాత ఇంట్లోంచి తెచ్చేటప్పుడు కూడా అచ్చు విప్పకుండా చాపలో చుట్టి తెచ్చాం. ఇంకా నేస్తానే ఉన్నాం."

ఏకాంబరం గారు నాన్నని చూశారు, ఇంటిని చూశారు, రోడ్డు మీద వానలో తడుస్తున్న క్రేనుని చూశారు. తర్వాత పుస్తకం తీసి, పైకి చదువుతూ రాసుకున్నారు. "పడుగు పూర్తి కాలేదు. ఇల్లు సెలవులో కొనసాగుచున్నది."

ఆయన రాసుకుంటున్నంతసేపూ నాయనమ్మ నాకు ఒక్కొక్క పోగూ అందిస్తూనే ఉంది.